శనివారమే రాసిన ఆదివారం

ఆ పేటలో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన ఎడిటరు గారే. అలాగని ఏదో పెద్ద పత్రికాఫీసులో ఫ్యాను కింద కూర్చుంటాడనుకునేరు. ఆయనది జిరాక్సు కొట్టు. వీధిలోంచి మెట్లెక్కితే ఒకే ఒక్క గది. గదిలో సగం యంత్రానిది. మిగతా సగంలో కాగితాల కట్టలూ, ఒక స్టూలూ, స్టూలు మీద ఆయనా. గోడ అవతల ఇల్లు. ఇంట్లో ఆయన భార్య బట్టలు కుడుతుంది. పొద్దస్తమానం ఇటు యంత్రం గుర్రుమంటూ ఉంటే అటు కుట్టుమిషను టకటకమంటూ ఉంటుంది. "మా ఇద్దరికీ మాటలతో పని లేదండీ, మా తరఫున అవే పోట్లాడుకుంటాయి" అని వచ్చినవాళ్ళతో అంటుంటాడు.

కుర్రతనంలో ఆయనకి విలేకరి కావాలని మహా కోరిక. కనిపించిన పత్రికకల్లా వార్తలు రాసి పంపేవాడు. ఏది ఏ బుట్టలో పడిందో ఎవరికీ తెలీదు. ఒకసారి ఆయన పంపిన అగ్నిప్రమాదం వార్త మాత్రం వేరే ఎవడి పేరుతోనో వచ్చింది. ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని, కనిపించినవాళ్ళందరికీ "ఇది నాదే" అని చూపించుకుని తిరిగాడు. చివరికి సొంత యంత్రం అమిరాక, మధ్యలో ఎవడి పెత్తనమూ లేకుండా తన పత్రిక తనే మొదలుపెట్టాడు. పేరు 'మన పేట'. నెలకి ఒక్క కాగితం, రెండు వైపులా అచ్చు. ఏ వీధిలో మురిక్కాలవ మూత విరిగిందో, ఏ మలుపులో దీపం ఆరిపోయిందో, కొత్త రోడ్డు పని ఎందాకా వచ్చిందో, బడిలో పరుగుపందెం ఎవరు గెలిచారో అన్నీ అందులో ఉంటాయి. నవ్వులాటకి మొదలైన కాగితం కాస్తా నిలదొక్కుకుంది. దీపం సంగతి అందులో పడిందంటే నిచ్చెన పట్టుకుని మనిషి వచ్చేవాడు. దాంతో ఎడిటరు నడకే మారిపోయింది. పెన్ను జేబులో పెట్టుకునే మనిషి చెవి మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇక ఆయన వైభవమంతా చూడాలంటే నెలకోసారి వచ్చే శుభ్రం ఆదివారం నాడు చూడాలి. ఆ రోజు పొద్దున్నే పేటవాళ్ళు చీపుళ్ళూ గంపలూ పారలూ పట్టుకుని బడి ముందు చేరతారు. పేట సంఘం ప్రెసిడెంటు నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆయనది మేకులూ గొళ్ళాలూ పైపులూ అమ్మే పెద్ద కొట్టు. మాట్లాడాక, ఫొటో దిగేంతసేపు ఊడుస్తాడు. మిగతావాళ్ళు వీధులు పంచుకుని నిజంగానే ఊడుస్తారు. అంతా అయ్యాక బడి వరండాలో టీ. అందరూ ఒక చేత్తో గ్లాసూ ఒక చేత్తో నడుమూ పట్టుకుని నిలబడ్డ వేళకి ఎడిటరు కాగితాల కట్టతో పరుగున వస్తాడు. కాగితాలు ఇంకా వెచ్చగా ఉంటాయి. అందులో ఆ పొద్దుటి శుభ్రం వార్త ఉంటుంది! ఎవరు ఏ వీధి ఊడ్చారో పేర్లతో సహా ఉంటుంది. "చెమట ఆరకముందే వార్తా! పెద్ద పేపర్లవాళ్ళు మీ కాలిగోటికి సరిపోరండీ" అని ఎవరో ఒకరు అనకమానరు. ఆ ఒక్క మాట మీద ఎడిటరు నెలంతా బతికేస్తాడు.

అసలు సంగతి ఆయన భార్యకి ఒక్కదానికే తెలుసు. ఆ వార్త శనివారం సాయంత్రానికే తయారు. ఆదివారం పొద్దున ఆయన చేసేదల్లా మీట నొక్కడం. మొదట్లో అలా కాదు, పాపం. చూసే రాసేవాడు. ఒకసారి యంత్రం మొరాయించి కాగితాలు తెచ్చేసరికి టీ అయిపోయింది, జనం వెళ్ళిపోయారు, వరండాలో ఖాళీ గ్లాసులు మిగిలాయి. ఆ ఖాళీ వరండా ఆయన్ని చాలా రోజులు పీడించింది. అప్పటి నుంచీ ముందే రాసిపెట్టుకోవడం అలవాటయింది. అది మోసమని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఏ నెల చూసినా అవే చీపుళ్ళు, అదే ఉపన్యాసం, అవే పేర్లు. కొత్తగా చూడ్డానికేముంది? ఒకసారి 'మండుటెండను లెక్కచేయక' అని రాసుకుంటే తెల్లారేసరికి కుండపోత. గొడుగుల కింద ఆ ముక్క చదివి, ఎడిటరు వెటకారం చేశాడనుకుని అందరూ విరగబడి నవ్వారు. ఆయన భార్య మాత్రం నవ్వలేదు.

"జరగనివ్వండి ముందు. ఆ తరవాత రాస్తే మీ సొమ్మేం పోయింది?" అంది.

"నీకు తెలీదులేవే. వార్తంటే వేడిగా ఉండాలి" అని కొట్టిపారేశాడు.

ఆ ఏడాది బడి పెద్ద, అంటే హెడ్మాస్టరు, రిటైరయ్యాడు. ఆ బడి నడిపేది పేట సంఘమే. కొత్త పెద్ద ఎవరో తేలేదాకా బాధ్యత లెక్కల టీచరమ్మకి అప్పగించారు. ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మాట పొదుపు. పిల్లలకి ఆవిడంటే భయమూ ఉంది, ఒకరోజు రాకపోతే దిగులూ ఉంది. ఆవిడనే ఖాయం చేస్తారని అందరూ అనుకున్నారు, ప్రెసిడెంటు తప్ప. ఆయనకి ఆ కుర్చీలో తన తోడల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఉంది.

ఎడిటరుకి ఆవిడ మీద పగేమీ లేదు. చిన్న ముల్లు మాత్రం ఉంది. బాధ్యత తీసుకోగానే 'మన పేట'కి ఒక సందేశం రాసిమ్మని అడిగితే, "సందేశాలు నాకు చేతకావండీ, పిల్లల పేపర్లు దిద్దుకోవాలి" అని పంపేసింది. పైగా శుభ్రం ఆదివారాల్లో ఆవిడ బడి ముందు కనపడేది కాదు. ప్రెసిడెంటు కాగితాలు తీయించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆ మాట చెవిలో వేసి వెళ్ళేవాడు. నాలుగు రోజులకి అది ఎడిటరుకి తనకే తట్టిన ఆలోచనలా అనిపించింది. శనివారం సాయంత్రం వార్త రాస్తూ చివర ఈ ముక్క చేర్చాడు: 'బడి బాధ్యత మోస్తున్న లెక్కల టీచరమ్మ ఎప్పటిలాగే ఈసారీ కనిపించలేదు. పేట చెత్తను పట్టించుకోని వారు పేట పిల్లలను పట్టించుకుంటారా అన్నది పెద్దల ప్రశ్న.' చెత్తా పిల్లలూ ఒకే వాక్యంలో భలే ఇమిడారని పైకి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు. పెద్దలెవరూ అప్పటికి ఆ ప్రశ్న వెయ్యలేదు.

ఆదివారం అంతా అనుకున్నట్టే నడిచింది. ఉపన్యాసం అయింది, ఫొటో అయింది, ఊడ్పు అయింది, టీ వచ్చింది. ఎడిటరు కట్టతో వచ్చి పంచడం మొదలుపెట్టాడు. పంచేటప్పుడు ఆయన ముఖాలు చూడడు, చేతులు చూస్తాడు. చాచిన చెయ్యి కనిపిస్తే కాగితం పెట్టడమే. అలా పెట్టుకుంటూ పోతుంటే, మోచేతి దాకా నల్లటి బురద పట్టిన చెయ్యి ఒకటి ముందుకొచ్చింది. కాగితం పెట్టి, "ఇంత బురద ఎక్కడ దొరికిందండీ?" అని నవ్వుతూ తలెత్తాడు.

లెక్కల టీచరమ్మ. తలకి గుడ్డ చుట్టుకుంది. బట్టలు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"బడి వెనక కాలవలో" అంది. "పొడుగాటి గడ ఏమైనా ఉందేమోనని ఇటొచ్చాను. లోపల ఏదో అడ్డం పడింది, నీళ్ళు కదలడం లేదు."

బడి వెనక కాలవ సంగతి పేటలో అందరికీ తెలుసు. గోడ మీంచి సంచులు విసిరేసేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. ఆ కంపుకి అటువైపు కిటికీలు తెరవరు. శుభ్రం ఆదివారం నాడు కూడా అటు ఎవరూ పోరు. అక్కడ ఫొటోకి వెలుతురు చాలదు మరి.

ఆవిడ కాగితం చదవడం మొదలుపెట్టింది. లెక్కల టీచరు కదా, ఏదీ వదలకుండా పై నుంచి వరసగా చదువుకొస్తోంది. ఎడిటరు లాక్కుందామంటే అప్పటికే అందరి చేతుల్లోనూ అదే కాగితం, అందరూ తమ తమ పేర్లు వెతుక్కునే పనిలో ఉన్నారు. ఆవిడ బురద వేలు చివరి వాక్యం కింద ఆగింది.

"కనిపించలేదని రాశారు" అంది మెల్లగా. "ఇప్పుడు కనిపిస్తున్నానా?"

"అదీ... మేడమ్... అచ్చుతప్పు పడింది."

అంత పొడుగు అచ్చుతప్పా! అన్నాక ఆయన చెవులే కాలిపోయాయి. ఆవిడ కాగితం మడతపెట్టి, వరండా మూల ఒక గడ కనిపిస్తే పట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పక్కనున్న పెద్దాయన టీ జుర్రుకుంటూ, "ఏం స్పీడండీ బాబూ మీది!" అన్నాడు. ఎడిటరుకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

ఇంటికొచ్చాక తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. వచ్చే నెల ఒక మూల చిన్న సవరణ వేస్తే సరిపోతుంది. బుధవారం సాయంత్రమే సంఘం సమావేశం, బడి పెద్ద ఎవరో తేల్చేది ఆ రోజే. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, ఒక్క వాక్యానికి ఎవరి ఉద్యోగం ఊడుతుందిలే అనుకున్నాడు. తన రాతతో వీధి దీపాలు వెలుగుతాయని కాలరెగరేసే మనిషి, ఆ మూడు రోజులూ మాత్రం తన రాతకి చిల్లిగవ్వ విలువ లేదని నమ్మడానికి నానా తంటాలు పడ్డాడు.

సమావేశం బడిలోనే, చిన్న తరగతి గదిలో. పెద్దవాళ్ళంతా పిల్లల బల్లల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నారు. ఎడిటరు ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన భార్య వెనకాల కిటికీ పక్కన కూర్చుంది. లెక్కల టీచరమ్మ నల్లబల్ల పక్కన నిలబడింది, కూర్చోమని ఎవరూ అనలేదు. కొత్త రోడ్డు సంగతీ కాలవ మూతల సంగతీ చకచకా అయిపోయాయి. అప్పుడు ప్రెసిడెంటు జేబులోంచి 'మన పేట' తీశాడు. గొంతు సవరించుకుని ఆ చివరి ముక్క చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి, "ఇది నా మాట కాదు, పేట మాట" అన్నాడు.

"నేను వచ్చానండీ" అంది టీచరమ్మ. "ప్రతి నెలా వస్తున్నాను. నేనూ మన బడి ఆయమ్మా వెనక కాలవ దగ్గర ఉంటాం."

"పేపర్లో అలా లేదు కదమ్మా."

"పేపర్లో లేకపోతే రానట్టేనా?"

"టీ వేళకి వచ్చినట్టున్నారు" అని ఎవరో గొణిగారు. రెండు మూడు బల్లల్లో నవ్వులు లేచాయి. ఇంకెవరో, "ఎడిటరు గారు ఇక్కడే ఉన్నారుగా, ఆయన్నే అడగండి" అన్నారు.

ప్రెసిడెంటు తిరిగి చూశాడు. "చెప్పవయ్యా ఎడిటరూ. ఆవిడ శుభ్రం చేస్తుంటే నువ్వు చూశావా?"

జవాబు ఎంతసేపు! ఆ వార్త నేను ముందురోజే రాశాను, ఆవిడ మోచేతి దాకా బురదతో నా ఎదుట నిలబడింది, అంటే సరిపోయేది. కానీ ఆ మాట బయటపడితే ఎడిటరు అనేవాడు ఆ గదిలోనే చచ్చిపోతాడు, మెట్లు దిగేది ఉత్త జిరాక్సు కొట్టువాడు. టీచరమ్మ ఆయన వైపే చూస్తోంది. బతిమాలే చూపు కాదది. జవాబు తెలిసిన పిల్లవాడు ఎప్పుడు చెయ్యెత్తుతాడా అని తరగతిలో చూసే చూపు.

ఆయన తన చెప్పుల వంక చూసుకుంటూ, "చేస్తుండగా... నేను చూడలేదండీ" అన్నాడు.

అక్షరాలా నిజం. అంత నీచమైన నిజం ఆయన బతుకులో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. టీచరమ్మ చూపు తిప్పేసుకుంది. చేతులెత్తమన్నారు, ఎత్తారు. ప్రెసిడెంటు తోడల్లుడు బడి పెద్ద అయ్యాడు. "శనివారం దాకా వచ్చి, పాఠం మధ్యలో ఆగకుండా పూర్తిచేసి, బడి మానేసి వెళ్ళిపోతానండీ" అంది టీచరమ్మ. అదేంటమ్మా అన్నవాళ్ళు లేరు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన భార్య ముందు నడిచింది. ఎప్పుడూ పక్కనే నడిచే మనిషి. ఇంట్లో కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది, వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. మిషను మాత్రం తొక్కలేదు.

"తిట్టొచ్చుగా నన్ను" అన్నాడు.

"ఏ ముఖం పెట్టుకుని తిట్టను? పోయిన నెల చీపురు కడుక్కుందామని బడి వెనక్కి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి నేను చూశాను. కాలవలో దిగి చేతులతో సంచులు తీస్తోంది. మనింటి సంచి కూడా ఉందేమో అందులో. మొన్న మీరు పైకి చదువుకుంటుంటే చెబుదామనే అనుకున్నా. మీరంత సంబరపడుతుంటే నోరు రాలేదు. ఇవాళ కిటికీ పక్కన కూర్చుని కూడా నోరు మూసుకునే ఉన్నా, లేచి చెబితే మీ పరువు పోతుందని."

"మరి ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"చేసేదేముంది? ఆవిడ కుర్చీ పోయింది, మీ పరువు మిగిలింది. ఉంచుకోండి" అని దీపం వైపు తిరిగి సూదిలో దారం ఎక్కించుకుంది.

మర్నాడు కొట్టు తెరవకుండానే ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. ప్రెసిడెంటు మేకులు తూస్తున్నాడు. శనివారం రాసిన సంగతీ, ఆదివారం బురద చెయ్యి సంగతీ దాచకుండా చెప్పేశాడు. ప్రెసిడెంటు పకపకా నవ్వాడు.

"ఓరి నీ! ఇన్నాళ్ళూ నీ చేతిలో ఏదో విద్య ఉందనుకున్నానయ్యా!" అన్నాడు. తరవాత తక్కెడ దించి, "చెప్పాల్సిన చోట నిన్న చెప్పలేదు. ఇవాళ నా కొట్లోకొచ్చి చెబితే ఈ మేకులకి వినపడుతుంది. ఎత్తిన చేతులు దించమంటే దించుతారా ఎవరైనా? నువ్వు మంచివాడివి, వెళ్ళి పని చూసుకో" అన్నాడు.

మంచివాడని ఆ నోటి వెంట అనిపించుకున్నందుకు ఆయనకి ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఆ ఊపులోనే బడికి వెళ్ళాడు. టీచరమ్మ గోడకున్న ఎక్కాల పటాలు ఊడదీసి చుట్టలు చుడుతోంది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు.

"అమ్మా, తప్పంతా నాది. పెద్ద అక్షరాలతో వేస్తాను. ఇంటింటికీ తిరిగి చెబుతాను. ఇవాళే రాసేసి..."

"ఇవాళేనా?" అంది, పటం చుట్టడం ఆపి.

ఆయన నాలుక కరుచుకున్నాడు.

"నేను వెళ్ళేది ఎల్లుండి." ఆ గొంతులో కోపం లేదు. తప్పు చేసిన పిల్లవాడికి లెక్క మళ్ళీ మొదటి నుంచీ చెప్పేటప్పటి గొంతు. "ఎలా వెళ్ళానో ముందే రాసెయ్యకండి. వచ్చి, చూసి రాయండి."

"నన్ను క్షమించానని ఒక్క మాట..."

"అది నాకు ఇప్పుడు రావడం లేదండీ" అని మళ్ళీ పటం అందుకుంది.

శనివారం ఆయన బడి గేటు పక్కన నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తలూపడానికి కూడా ముఖం చెల్లలేదు. ఆఖరి గంట కొట్టారు. ముందే రాసి ఉంటే, పిల్లలు ఆవిడ చుట్టూ చేరి కంటతడి పెట్టారని రాసేవాడు. పిల్లలు ఎప్పటిలాగే అరుచుకుంటూ పరుగెత్తి వచ్చేశారు. ఆవిడ వెళ్ళిపోతున్నట్టు వాళ్ళకెవరూ చెప్పలేదు. బడి ఖాళీ అయ్యాక ఆవిడ రెండు సంచులతో బయటికొచ్చింది. గేటు వైపు రాకుండా, సంచులు మెట్ల మీద పెట్టి, వెనక్కి వెళ్ళింది. ఆయన కూడా కాస్త దూరంలో వెళ్ళాడు. అన్నేళ్ళుగా ఆ పేట వార్తలు రాస్తున్న మనిషి బడి వెనక అడుగుపెట్టడం అదే మొదలు.

కాలవలో నీళ్ళు పారుతున్నాయి. గట్టు వెంట ఊడ్చిన చారలు కనిపిస్తున్నాయి. ఆవిడ చూస్తుండగానే గోడ అవతల నుంచి ఒక సంచి ఎగిరొచ్చి నీళ్ళలో పడింది. చెప్పుల చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది. ఆవిడ గోడ వైపు చూడలేదు, ఎవరినీ కేకెయ్యలేదు. గడ తీసుకుని సంచిని గట్టుకి లాగి, చెత్తడబ్బాలో వేసి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. ఆయన ముందుకెళ్ళి మెట్ల మీది సంచి అందుకోబోయాడు. "వద్దండీ, బరువేం లేదు" అని తనే రెండూ పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆవిడ ఏడవలేదు. వెనకే గేటు దాకా వచ్చి నిలబడ్డ మనిషే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి ఆయన వేసిన కాగితంలో దీపాల సంగతి లేదు, రోడ్డు సంగతి లేదు. 'లెక్కల టీచరమ్మ ప్రతి నెలా వచ్చింది. నేను వెనక్కి వెళ్ళి చూడలేదు. ఆదివారం వార్తలు శనివారమే రాస్తూ వచ్చాను. బుధవారం సమావేశంలో నిజం తెలిసి దాచాను. శనివారం ఆవిడ ఇలా వెళ్ళింది...' అంతే రాశాడు. ఆదివారం పంచడానికి బయల్దేరుతుంటే భార్య వచ్చి సగం కట్ట తీసుకుని వీధికి అటువైపు ఇళ్ళు పట్టుకుంది. ఈసారి ఆయన చేతులు కాదు, ముఖాలు చూసి ఇచ్చాడు. అది చాలా కష్టమైన పని. ఒకాయన చదివి తలుపేసుకున్నాడు. ఒకావిడ చదివి తలదించుకుంది. ఆవిడిల్లు బడి గోడకి ఆనుకునే ఉంది. మలుపు తిరిగేసరికి సంగతి ఆయనకంటే ముందే ఆ వీధికి చేరిపోయింది. అరుగుల మీద జనం అప్పుడే నవ్వుకుంటున్నారు.

నెలనెలా ఆయన వేగాన్ని మెచ్చుకునే పెద్దాయన కాగితం అందుకున్నాడు గానీ విప్పలేదు. అరుగు మీదివాళ్ళకి వినపడేలా, "ఏం ఎడిటరు గారూ, ఇది జరిగిందా, జరగబోతోందా?" అన్నాడు.

"జరిగిపోయిందండీ" అన్నాడాయన. అని పక్కింటి గుమ్మం ఎక్కాడు.